ఎడమకాలికి ఉద్యోగం

బొర్రమామిడి ఘాట్ రోడ్డు మీద చెడిపోయిన బళ్లను లాగే డీజిల్ పికప్‌కి కొత్త ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బిగించిన కొద్ది రోజులకే, దాని డ్రైవరు గేదెల పోలినాయుడి ఎడమకాలిని మిగులు సిబ్బంది కింద తేల్చి, అడుగుల కొలతల కార్యాలయానికి డిప్యుటేషన్ మీద పంపించారు. ఉత్తర్వు పద్ధతి ప్రకారమే వచ్చింది. నకళ్లు పోలినాయుడికి ఒకటి, అతని ఎడమకాలికి ఒకటి, ఫైలుకి ఒకటి. కాలికి చదువు రాదు కాబట్టి దాని నకలు కూడా పోలినాయుడే సంతకం పెట్టి పుచ్చుకోవాల్సి వచ్చింది.

కక్షతో ఎవరూ చేసింది కాదు. నిజం చెప్పాలంటే దీనికంతటికీ మూలం పోలినాయుడే. సంతోషం పట్టలేక, నోరు ఊరుకోక అన్న ఒక్క మాట కాగితం ఎక్కి కూర్చుంది.

ఘాట్ మొదట్లో ఉన్న రహదారి ఆటంకాల తొలగింపు కార్యాలయానికి ఉన్న ఆస్తి ఒక పికప్. దానికో డ్రైవరు. ఆ ఇద్దరినీ పర్యవేక్షించడానికి పై అంతస్తు నిండా కుర్చీలు. పోలినాయుడిది కాంట్రాక్టు ఉద్యోగం. మీసం సరిగ్గా రాని వయసులో చేరాడు, ఇప్పుడు మీసానికి రంగు వేసుకుంటున్నాడు. ఏటేటా ‘ఇదే ఆఖరి పొడిగింపు’ అనే వాక్యంతో అతని కాంట్రాక్టు పొడిగిస్తూనే ఉన్నారు.

మలుపులో లారీ ఆగిపోతే పోలినాయుడు వెళ్లి, దాని కిందికి దూరి గొలుసు తగిలించి, కొండ పైదాకా లాక్కుపోయేవాడు. అది అతని పని. జీపో ఆటోనో రోడ్డు తప్పి లోయలోకి జారితే మాత్రం, తుప్పలు పట్టుకుని దిగి, కింద పడున్నవాళ్లను వీపున వేసుకుని పైకి తెచ్చేవాడు. అది అతని పని కాదు. చెయ్యమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. కొండ మీద ఊళ్లలో బండి వచ్చిందని ఎవరూ అనరు, పోలినాయుడొచ్చాడంటారు. ఆ మాట వింటే కడుపు నిండిపోతుందని అతను ఒకసారి పెళ్లాం ఈశ్వరమ్మతో అన్నాడు. ఆ మాట కిరాణా కొట్లో చెల్లదని ఆవిడ నవ్వింది.

పికప్ మొదట్నించీ ఆటోమేటికే. క్లచ్ లేదు. కానీ దాని గేర్‌బాక్స్ సంతకెళ్లి కూరలు తెచ్చుకునే బండికి సరిపోయే రకం. వెనకాల లారీ తగిలించి ఎత్తు ఎక్కించబోతే ఇంజను గొంతు చించుకునేది గానీ చక్రాలకి బలం చేరేది కాదు. లోపల గేరు జారిపోయేది. ఆయిలు కాగి మాడు వాసన కొట్టేది. అప్పుడు పికప్ నిలబడలేక వెనక్కి దొర్లడం మొదలెడితే, వెనకున్న లారీ దాన్ని లోయకేసి లాగేది. పోలినాయుడు ఎడమకాలితో బ్రేకు తొక్కిపట్టి, కుడికాలితో ఎక్సలేటరు ఇస్తూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బండిని పైకి పాకించేవాడు. ఇలా ఎన్నాళ్లో లాక్కొచ్చి, చివరికి గేర్‌బాక్స్ మార్పించమని అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ వెంటనే మంజూరైంది. అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆటోనగర్ నుంచి కాసులు మేస్త్రి వచ్చి పాతది దించి, బరువుకి తట్టుకునే కొత్త గేర్‌బాక్స్ ఎక్కించాడు. లోపల పలకలు గట్టివి, ఇంజను బలాన్ని గేర్లకి అందించే కన్వర్టరు పెద్దది, ఆయిలు చల్లారడానికి ముందు జాలీ వెనకాల వేరే కూలరు. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఎత్తు మీద ఆగితే బండి వెనక్కి జారకుండా దానంతటదే పట్టుకుంటుంది. పరీక్ష కోసం పనసకాయల లోడుతో చతికిలబడిన లారీని తగిలించారు. పికప్ దాన్ని చంకలో బిడ్డలా ఎత్తుకుపోయింది. పోలినాయుడికి కళ్లనీళ్లు తిరిగాయి. బానెట్ మీద చెయ్యేసి కాసేపు అలాగే నిలబడిపోయాడు. మేడ మీదికి వెళ్లి, కొత్త సామాను ఎలా ఉందో రాసివ్వమని ఇచ్చే సంతృప్తి పత్రం మీద ఇలా రాశాడు: ‘చాలా బాగున్నది. ఇప్పుడు నా ఎడమకాలికి పనే లేదు.’

ఆ పత్రం సీనియర్ అసిస్టెంటు కామేశ్వరి బల్ల మీదికి చేరింది. కామేశ్వరి చెడ్డ మనిషి కాదు. అక్షరం రాసినవాడి కన్నా అక్షరానికి ఎక్కువ విలువ ఇచ్చే మనిషి, అంతే. పని లేనిది ఏదైనా మిగులు. మిగులు ఉందని తెలిసీ పైకి చెప్పకపోతే తన మెడకి చుట్టుకుంటుంది. ఆవిడ ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, ‘సదరు ఉద్యోగి స్వయంగా అంగీకరించినందున’ అని మొదలుపెట్టి నోట్ రాసింది. ఆ తర్వాత జరిగినదంతా ఆ నోట్ వెంట నడిచింది.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు భానోజీరావు పోలినాయుణ్ని పిలిపించి కూర్చోమన్నాడు. ఇన్నేళ్లలో ఆయన గదిలో కుర్చీ చూపించడం అదే మొదటిసారి. పోలినాయుడు ఆ కుర్చీకే సగం బెదిరిపోయాడు. అందులోనూ ఆ కుర్చీ సారు ఎడమ పక్కన వేసి ఉంది. భానోజీరావు కుడి చెవి ఫిర్యాదుల విభాగానికి డిప్యుటేషన్ మీద వెళ్లి చాలాకాలమైంది, అప్పట్నించీ అర్జీదారులను వినపడని ఆ పక్కనే కూర్చోబెడతారు. ఎడమ పక్క కూర్చోబెట్టారంటే సంగతి పెద్దదే.

ఉత్తర్వు రెండుసార్లు చదివి వినిపించాక పోలినాయుడికి అర్థమైంది. అర్థమయ్యాక దిమ్మ తిరిగింది. బల్ల కింద తన ఎడమకాలి కేసి చూసుకున్నాడు. అది మామూలుగానే ఉంది.

“బావూ, కాలు నాదండి,” అన్నాడు చివరికి. “ఆఫీసుది కాదు కదండి.”

“చేరిన రోజున ‘సకల అవయవాలతో విధులకు హాజరైతిని’ అని రాసిచ్చావు కదయ్యా,” అన్నాడు భానోజీరావు మెత్తగా. “ఆనాటి నుంచీ అది డ్యూటీలోనే ఉంది. నువ్వే చూసుకోలేదు.”

ఆయన మంచినీళ్లు తెప్పించాడు. డిప్యుటేషన్ అంటే కొంతకాలమేనని, వెళ్లినవి వెనక్కి రాకుండా ఉండవని ధైర్యం చెప్పాడు. చెబుతూ చెబుతూ చెవి ఉండాల్సిన చోట గోక్కున్నాడు. పోలినాయుడు గ్లాసు పట్టుకుని, తాగడం మరిచిపోయి కూర్చున్నాడు.

మర్నాడు ఉదయం కాలిని రిలీవ్ చేశారు. నెప్పి లేదు, రక్తం లేదు. కాలు తుంటి దగ్గర మెల్లిగా విడివడి, ఖాకీ ప్యాంటు కాలితో సహా పక్కకి వచ్చి నిలబడింది. రిలీవింగ్ కాగితం మీద చదువురాని ఉద్యోగి బొటనవేలి ముద్ర వెయ్యాలి. చేతి బొటనవేలా కాలి బొటనవేలా అన్నది రూల్సులో లేదు. కామేశ్వరి రూల్సు మళ్లీ ఒకసారి తిరగేసి, సిరా ప్యాడు తెప్పించి, కాలి బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించింది. ఆ ముద్ర పడ్డ క్షణం నుంచీ కాలు తన తరఫున తానే ఒప్పుకోగల, కాదనగల ఉద్యోగి అయిపోయింది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. కాలు ఒంటిగా గెంతుకుంటూ వరండా దాటి మెట్లు దిగి వెళ్లిపోయింది. వెనక్కి చూడడానికి దానికి కళ్లు లేవన్నది నిజమే గానీ, ఒక్కసారి ఆగనైనా ఆగలేదని పోలినాయుడికి మనసు కలుక్కుమంది.

ఇంటికి ఎవరి బండి మీదో వెనక కూర్చుని వచ్చాడు. ఈశ్వరమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది. చేట చేతిలోంచి జారిపోయింది.

“ఏటయ్యా, కాలేదీ?”

“డిప్టేషనుకి ఎల్లింది.”

ఆవిడ నేల మీద చెల్లాచెదురైన బియ్యంలోనే చతికిలబడింది. ఇరుగుపొరుగు వచ్చారు. ఓదార్చాలో అభినందించాలో తెలియక కాసేపు నిలబడి, గవర్నమెంటు పని కదా, మంచే జరుగుతుందని చెప్పి వెళ్లిపోయారు.

పోలినాయుడికి ఆఫీసు చేతికర్ర ఇవ్వలేదు. డ్రైవరు ఉద్యోగం కూర్చుని చేసేది కాబట్టి కర్ర అవసరం లేదని స్టోర్సు వాళ్లు తేల్చారు. అతనికి రెండో దెబ్బ బండెక్కాక తగిలింది. పికప్ దివ్యంగా నడిచింది. ఎత్తు మీద ఆగింది, జారలేదు. లోడుతో లాగింది, వేడెక్కలేదు. ఒక కాలితో నడుపుతున్నాడన్న సంగతి దారిన పోయేవాడెవడికీ తెలియలేదు. ఇన్నాళ్లూ తనకి ఆ కాలు ఉండడం వల్ల బండికి ఏం లాభమో అతనికే అనుమానం వచ్చింది, ఆ అనుమానానికి అతనే భయపడ్డాడు.

కాలు ఎందుకు కావాలో తెలిసింది వారపు సంత రోజున. అల్లం బస్తాలతో, మనుషులతో కిక్కిరిసిన జీపు ఒకటి మలుపులో రోడ్డు దిగి, సగం దూరం జారి, ఒక జీలుగు చెట్టుకి అడ్డంపడి ఆగింది. పోలినాయుడు జాకీ రాడ్డు ఊతంగా పట్టుకుని గెంతుతూ అంచుదాకా వెళ్లాడు. కిందనుంచి ఎవరో అతణ్ని చూసి, పోలినాయుడొచ్చాడని కేక పెట్టారు. ఏడుస్తున్నవాళ్లు ఏడుపు ఆపి పైకి చూశారు. అతను దిగలేదు. ఎలా దిగుతాడు? అంచున కూర్చుని గొలుసు కొక్కెం కిందికి విసిరాడు. అది చాలలేదు. పక్కకి జరిగి మళ్లీ విసిరాడు. చివరికి రోడ్డు పనివాళ్లు తాళ్లు వేసుకుని దిగి అందర్నీ పైకి తెచ్చారు. అదృష్టం, ప్రాణాలు పోలేదు. అందరికన్నా ఆఖర్న పైకొచ్చిన ముసలమ్మ, పికప్ తలుపు చాటున నిలబడ్డ పోలినాయుణ్ని చూసి ఆగింది. తలుపు అడ్డంగా ఉండడంతో ఆమెకి కాలి సంగతి కనిపించలేదు.

“ఒచ్చి కూడా దిగనేదేటి, నాయనా?” అంది.

కోపంగా అనలేదు, అర్థంకాక అడిగింది. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, తింటూ తింటూ ఏడ్చేశాడు. బండి కోసం కాదు, నడక కోసం కూడా కాదు, కింద ఎవరైనా పడితే దిగి వెళ్లడం కోసం తన కాలు తనకి కావాలని, ఎవరి కాళ్లయినా పట్టుకుని తెచ్చుకుంటానని ఈశ్వరమ్మతో చెప్పాడు. ఒంటికాలితో ఎవరి కాళ్లు పట్టుకోవడానికి వంగగలవని ఆవిడ అడగలేదు. అన్నంలో మజ్జిగ పోసి ఊరుకుంది.

అడుగుల కొలతల కార్యాలయం జిల్లాలోని ఇళ్ల స్థలాలు ఎన్ని అడుగులో నిర్ణయించి కాగితం ఇచ్చే చోటు. పోలినాయుడి కాలు అక్కడ చేరడానికి మొదట్లో పెద్ద ఇబ్బందే వచ్చింది. కాలు ఒక్కటే నడిచి వచ్చిందని అక్కడ ఎవరూ ఆశ్చర్యపోలేదు. అది ఎడమకాలు ముందు పెట్టి గడప దాటబోయిందని మాత్రం హడలిపోయారు. కుడికాలు ముందు పెట్టి రమ్మంటే దానికి వీలు లేదు. కొన్నాళ్లు కాలు వరండాలోనే నిలబడింది. హాజరు పట్టీలో గైర్హాజరు పడింది, సంజాయిషీ మెమో కూడా వెళ్లింది. ఆఖరికి అటెండరు దాన్ని పీట మీద నిలబెట్టి, కర్పూరం వెలిగించి, గడప తగలకుండా ఎత్తి లోపల పెట్టాడు. ఒకసారి లోపలికి వచ్చాక మళ్లీ బయటికి పంపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పంపితే మళ్లీ పీట, మళ్లీ కర్పూరం. దాంతో కాలికి బయటి పని కాకుండా బల్ల మీద పని ఇచ్చారు.

ఆ ఆఫీసు రూల్సులో మొదటి వాక్యం ఇది: ‘ఒక అడుగు అనగా కార్యాలయమునందు ఉంచబడిన అడుగు.’ ఎప్పుడో అక్కడ ఉండే ఇనుప కొలబద్ద తుప్పుపట్టి వేలంలో పోయింది. కార్యాలయంలో ప్రస్తుతం ఉంచబడిన అడుగు ఏదయ్యా అంటే, పోలినాయుడిది. పోలినాయుడిది పొట్టి పాదం. చెప్పుల షాపులో చిన్నపిల్లల వరసలో వెతుక్కునే రకం. ఆ అడుగుతో కొలిచేసరికి జిల్లాలో ప్రతివాడి స్థలానికీ అడుగులు పెరిగాయి. ఇరుకు ఇళ్లవాళ్లు రాత్రికి రాత్రి విశాలమైన ఇళ్లవాళ్లయ్యారు. మంచం వేస్తే తలుపు తెరుచుకోని గదుల్లో ఉండేవాళ్లు కాగితాలు పటం కట్టించుకున్నారు. నేల అంగుళం పెరగలేదని ఎవరూ అనలేదు. అనడం వల్ల ఎవరికేం లాభం? జిల్లా అభివృద్ధి చెందినట్టు పైకి నివేదిక వెళ్లింది.

పోలినాయుడు వెళ్లేసరికి జనం ఆఫీసు నిండా ఉన్నారు. అతని కాలు బల్ల మీద అద్దాల పెట్టెలో ఉంది. పైన ఫ్యాను తిరుగుతోంది. మడమ పగుళ్లు మాయమయ్యాయి, గోళ్లు తీర్చి ఉన్నాయి. చీలమండ దగ్గర గొలుసు కోసుకున్న పాత మచ్చ ఒక్కటే తను ఎరిగినది. అతను అద్దం దగ్గరగా వంగి, ఇంటికి పోదాం రమ్మని మెల్లిగా పిలిచాడు. బొటనవేలు కొద్దిగా కదిలింది. పోలినాయుడి గుండె ఝల్లుమంది. కాగితం పట్టుకుని ఎవరొచ్చినా అది అలాగే కదుపుతుందని, ముద్ర వెయ్యడం అలవాటైపోయిందని అటెండరు చెప్పాడు. గాజు మీద చెయ్యి తియ్యమని, ప్రమాణం పాడైతే జిల్లా అంతా కుంచించుకుపోతుందని సూపరింటెండెంటు మందలించాడు.

అక్కడే ఇంకో సంగతి కూడా తెలిసింది. దాని సేవలకు మెచ్చి కాలిని పర్మనెంటు చేశారు.

“పర్మనెంటా?” అన్నాడు పోలినాయుడు. మళ్లీ అడిగాడు, ఈసారి ఇంకా చిన్న గొంతుతో.

మీసం రాని రోజుల నుంచీ ఆ మాట కోసం అతను చెయ్యని ధర్నా లేదు, ఎక్కని మెట్టు లేదు. ఆ మెట్లన్నీ ఎక్కింది ఆ కాలు కూడానని గుర్తొచ్చి, కోపగించుకోవాలో గర్వపడాలో తేలక, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అక్కడున్నవాళ్లు అతనెవరో తెలిసి, మీ కాలు అదృష్టం చేసుకున్నదన్నట్టు చూశారు. కాలి సర్వీసు పుస్తకం చూపించారు. అందులో ‘స్వస్థలం’ అన్న చోట ‘గేదెల పోలినాయుడు’ అని రాసి ఉంది.

ఇంటికొచ్చి ఈ మాట ఈశ్వరమ్మకి చెప్పాడు. ఆవిడకి కడుపులో గడ్డ ఉంది. ఆపరేషన్ చేయించాలని డాక్టరు చెప్పి ఏళ్లయింది. ప్రతిసారీ వచ్చే ఏడాది చూద్దామనుకునేవాళ్లు.

“దానికి ఎల్త్ కార్డు ఇస్తారేటి?” అంది నెమ్మదిగా.

పోలినాయుడు పెళ్లాం మొహంలోకి చూశాడు. ఆవిడ తల దించుకుంది. సిగ్గుపడిందని అతనికి అర్థమైంది. సిగ్గుపడాల్సింది ఆవిడ కాదని కూడా అర్థమైంది. మర్నాడు అతను ఆఫీసు మేడ మీద కామేశ్వరి దగ్గర కూర్చుని, కాలు వెనక్కి ఇప్పించమని అర్జీ రాయించాడు. ఆవిడ విసుక్కోకుండా రాసి, వాక్యాలన్నీ సరిచేసి, తానే పంపించింది.

విచారణకి పెద్దాఫీసు నుంచి ఒకావిడ వచ్చింది, పేరు రాజ్యశ్రీ. భానోజీరావు ఆవిడ పక్కన కూర్చున్నాడు. కాలిని పీట మీదే తీసుకొచ్చారు. పోలినాయుడు చేతులు కట్టుకుని, కుర్చీకి ఆనుకుని నిలబడి చెప్పుకున్నాడు. లోయలో జారిన జీపు గురించి, ముసలమ్మ అడిగిన మాట గురించి చెప్పాడు. రాజ్యశ్రీ శ్రద్ధగా విన్నది. ఒకచోట కళ్లద్దాలు తీసి తుడుచుకుంది కూడా. అంతా అయ్యాక, తనకి వ్యక్తిగతంగా చాలా బాధగా ఉందని చెప్పి రూలు చదివింది. పర్మనెంటు ఉద్యోగిని తెచ్చి కాంట్రాక్టు ఉద్యోగికి తగిలించడానికి వీల్లేదు. అది ఉద్యోగి హోదాకి భంగం.

పోలినాయుడి మొహం పాలిపోయింది. అప్పుడు భానోజీరావు గొంతు సవరించుకున్నాడు. “మరి కాంట్రాక్టు ఉద్యోగిని పర్మనెంటు ఉద్యోగికి తగిలిస్తే?”

రాజ్యశ్రీ కాగితాలు తిరగేసింది. “దానికేం అభ్యంతరం లేదు,” అంది. “అలా తగిలించినవాళ్లు మన దగ్గర బోలెడుమంది ఉన్నారు.”

పోలినాయుడికి ప్రాణం లేచొచ్చింది. పైన ఎవరు, కింద ఎవరు అన్నది కాగితంలో మాట. కాలు కాలే కదా, ఒంటికి అతుక్కుంటే చాలదా అనుకున్నాడు. ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాడు. కాలి అంగీకారం కూడా కావాలి కాబట్టి దానికి సిరా పూశారు. కాగితం ముందు పెట్టగానే అది వేలు కదిపింది. ఉత్తర్వులో ఇలా వచ్చింది: ‘సదరు ఎడమకాలికి సహాయకంగా ఒక మనిషిని (పాత) జతపరచడమైనది.’

జతపరచడం కూడా నెప్పి లేకుండానే జరిగింది. పోలినాయుణ్ని ఇద్దరు అటెండర్లు ఎత్తి కాలి మీద సరిగ్గా నిలబెట్టారు. రెండు కాళ్ల మీద నిలబడేసరికి అతను చిన్నపిల్లాడిలా నవ్వాడు. అడుగుల ఆఫీసువాళ్లు కూడా సంతోషించారు. ఇకమీదట కుడికాలు ముందు పెట్టి లోపలికి రావచ్చు, కర్పూరం ఖర్చు తప్పింది. ఈశ్వరమ్మకి ఆ నెలలోనే ఆపరేషన్ అయింది. కాలి పేరున వచ్చిన హెల్త్ కార్డు చూపించగానే కౌంటరులో అమ్మాయి కుర్చీలోంచి లేచి మాట్లాడిందని ఆవిడ అందరికీ చెప్పుకుంది.

పికప్‌కి మాత్రం అతను దూరమయ్యాడు. కాలు పని చేసే చోటే అతనూ ఉండాలి. పొద్దున్నే కాలు ఆఫీసుకి నడుస్తుంది, అతను దాని మీద వెళతాడు. పగలంతా అది బల్ల మీద చాపుకుని ఉంటుంది, అతను దాని వెనకాల కూర్చుంటాడు. సాయంత్రం గంట కొట్టాక అది లేస్తుంది. ఒకరోజు గంటకి ముందే దాహం వేసి లేవబోతే కాలు కదల్లేదు. అతను గతుక్కుమన్నాడు. ఒట్టి తిమ్మిరేమో అనుకుని తొడ నొక్కుకున్నాడు, గిల్లి చూశాడు. తిమ్మిరి కాదు. గంట కాలేదు, అంతే. పికప్ మీద ఇప్పుడు కొత్త కుర్రాడు, సింగిరెడ్డి అప్పన్న, కాంట్రాక్టు మీద చేరాడు. చేరేముందే అతని ఎడమకాలు తీసుకుని స్టోర్సులో పెట్టారని, బండికి అది అక్కర్లేదు కదా అని, ఒకరోజు పొద్దున టీ తాగడానికి వచ్చిన కామేశ్వరి చెప్పింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసు గేటు ఎదురుగా, వాలులో, జనంతో వస్తున్న ఆటో ఒకటి తిరగబడి పక్కనున్న లోతు కాలవలో పడింది. చప్పుడుకి పోలినాయుడు కిటికీ వైపు తిరిగాడు. బొమ్మలా తలకిందులైన ఆటో, దాని కింద ఒక చీర కొంగు, గాలిలో ఒక చెయ్యి కనిపించాయి. ఎవరైనా రండి బాబూ అని ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. పోలినాయుడు ఒక్కసారిగా లేచాడు. లేచాననుకున్నాడు. కుడికాలు లేచింది, ఒళ్లు లేచింది, ఎడమకాలు బల్ల మీదినుంచి దిగలేదు. అతను బల్ల అంచు పట్టుకుని లాగాడు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని బతిమాలాడు. చెమటలు కారిపోయాయి. పక్క సీట్లో ఆయన క్యారియరు విప్పుతూ, ఇది భోజన విరామమని, ఈ టైములో దాన్ని ఇబ్బంది పెట్టడం బాగుండదని చెప్పాడు.

ఇంతలో పికప్ వచ్చింది. అప్పన్న తలుపు తీసి, రాడ్డు ఊతంతో కాలవ అంచుదాకా గెంతుతూ వెళ్లి కిందికి చూశాడు. ఒకసారి వంగబోయి తూలాడు. కొక్కెం విసిరాడు, అందలేదు. దిక్కుతోచక చుట్టూ చూస్తుంటే, కిటికీలో పోలినాయుడు కనిపించాడు. అప్పన్న అతని మొహం చూశాడు. తర్వాత చూపు కిందికి దించి, అతని రెండు కాళ్లనూ చూశాడు. అలా చూస్తూ నిలబడ్డాడు.

పోలినాయుడికి ఒళ్లంతా చల్లబడింది. మెల్లిగా కుర్చీలో కూలబడ్డాడు. కాసేపు గుండె దడదడ కొట్టుకుంది. తర్వాత ఆ దడ తగ్గింది. తగ్గుతుంటే, లేవాలన్న ఆరాటం కూడా దానితోపాటే తగ్గుతూ వచ్చింది. కాలు కదలకపోతే తను మాత్రం ఏం చెయ్యగలడు, అది పర్మనెంటుది. బయటి గొంతు ఇంకా పిలుస్తూనే ఉంది. అతను కిటికీలోంచి అప్పన్నకి చేత్తో సైగ చేశాడు, అన్నం తింటున్నట్టు. భోజనాల వేళ అని అర్థం.

ఆ తర్వాత ఎండ మొహాన పడుతోందని కిటికీ రెక్క మూశాడు. ఈశ్వరమ్మ కట్టిన టిఫిను గిన్నె మూత తీశాడు. వంకాయ కూర ఇంకా వెచ్చగానే ఉంది.